అరచేతిలో 51 మీటర్ల గోడ

1950ల మొదట్లో ఒసాకా నగరం. క్షయ రోగుల ఆసుపత్రిలో ఇరవై దాటిన కుర్రాడొకడు మంచం మీద కూర్చుని, మూత విప్పిన రేడియోని ముందేసుకున్నాడు. రేడియో అతనిది కాదు, తోటి రోగిది. ఆసుపత్రిలో ఎవరి రేడియో మూగబోయినా, ఎవరి గడియారం ఆగిపోయినా అతని మంచం దగ్గరికే వస్తుంది. బాగుచేస్తే నాలుగు డబ్బులు. అతని ఊపిరితిత్తుల్ని బాగుచేసే మందు మాత్రం డబ్బులున్నా దొరకని కాలం.

పేరు ఇకుతారో కకెహాషి. రెండేళ్ల వయసులోనే అమ్మా నాన్నా ఇద్దర్నీ ఈ క్షయే తీసుకెళ్లింది. తాతా అవ్వా పెంచారు. యుద్ధకాలంలో ఓడల కార్ఖానాలో పని. బాంబుదాడిలో ఇల్లు పోయింది. యుద్ధం ముగిశాక చదువుకుందామంటే ఆరోగ్యం బాగాలేదని సీటివ్వలేదు. క్యూషూ దీవికి పోయి, పదహారేళ్లకే గడియారాల రిపేరు కొట్టు పెట్టాడు. తర్వాత రేడియోల మీదా చెయ్యి వేశాడు. మళ్లీ చదువు మీద ఆశతో ఒసాకాకి తిరిగొస్తే, తల్లిదండ్రుల జబ్బు తనకే పట్టింది. ఏళ్ల తరబడి ఆసుపత్రి మంచం.

అప్పట్లో స్ట్రెప్టోమైసిన్ కొత్త మందు. పని చేస్తుందో లేదో చూడటానికి ఎంచుకున్న రోగుల్లో కకెహాషి ఒకడు. పని చేసింది. 1954లో బయటి ప్రపంచంలో రేడియోలు బాగుచేసే సొంత దుకాణం తెరిచాడు. 1960లో ఏస్ ఎలక్ట్రానిక్, 1972లో రోలాండ్. ఈ రెండో పేరు చూడగానే మన పెళ్లి ఆర్కెస్ట్రాల కీబోర్డు వాద్యకారులు తలూపుతారు. ఆ రోలాండే.

కకెహాషి దుకాణాల వెంట, కంపెనీల వెంట ఒక కోరిక నడిచింది. గొంతు గానీ వాయిద్యం గానీ ఒకసారి మోగి, కాస్త ఆగి, మళ్లీ మోగాలి. మన మైకువాళ్లు ‘ఎకో’ అనేది దాన్నే. జనగామలో ఒగ్గుకథ మొదలయ్యే ముందు కథకుడు మైకులో ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకుని, ఎకో సరిపోయిందో లేదో చెవితోనే కొలుస్తాడు. మానుకోటలో ఆర్కెస్ట్రా పాటగాడు పాట కన్నా ముందు ఎకో నాబ్ ఎక్కడుందో వెతుక్కుంటాడు. ఎకో లేకపోతే గొంతు ‘పొడి’గా ఉందంటారు.

ప్రకృతిలో ఇది ఊరికే దొరుకుతుంది, చోటుంటే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. జనగామ జిల్లా ఖిలాషాపురంలో సర్వాయి పాపన్న కోట గోడకు 51 మీటర్ల దూరంలో నిలబడి కేక వేస్తే, కేక పోయి రావడానికి 102 మీటర్ల నడక, అంటే 0.3 సెకన్లు. మేడారం జాతరలో ఇదే తిరగేసి కనిపిస్తుంది. వరసగా కట్టిన హారన్లలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతుంటే, దగ్గరి హారన్ మాట చెవిన పడ్డాక 0.3 సెకన్లకు, వంద మీటర్లు వెనకనున్న హారన్ మాట వచ్చి దాని మీద పడుతుంది. అక్కడ ఎవరూ ఎకో పెట్టలేదు. దూరమే పెట్టింది.

స్టేజీ మీద 51 మీటర్ల గోడ కట్టలేం. మరి 0.3 సెకన్ల ఆలస్యాన్ని ఎక్కడి నుంచి తేవాలి?

మొదటి జవాబు టేపు. ఒక హెడ్డు రాస్తుంది, కాస్త దూరంలో ఉన్న ఇంకో హెడ్డు చదువుతుంది, ఆ మధ్య టేపు ప్రయాణమే ఆలస్యం. 1974లో రోలాండ్ తెచ్చిన స్పేస్ ఎకో ఆర్ఈ-201లో ఒక టేపు చుట్ట ఎడతెగకుండా తిరుగుతూ, చదివే హెడ్డులు మూడింటి ముందు నుంచి పోయేది. ఆ యంత్రం పాడిన ఎకోని ఇప్పటికీ మించింది లేదనేవాళ్లున్నారు, నేనూ వాదించను. కానీ టేపు అరుగుతుంది. దుమ్ము పడుతుంది. మోటారు ఉంటుంది, రబ్బరు చక్రం ఉంటుంది. ఊరూరా తిరిగే మనిషి లారీలో వేసుకుని పోయే సరుకు కాదది. కదిలే భాగం ఒక్కటీ లేకుండా శబ్దాన్ని ఆపగలగాలి.

ఆ దారి అప్పటికి ఐదేళ్ల కిందటే నెదర్లాండ్స్‌లో కనబడింది.

ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ పరిశోధనశాల. మన ఇళ్లలో రేడియోగా మోగిన ఫిలిప్స్, 1963లో క్యాసెట్టుని లోకానికిచ్చిన ఫిలిప్స్. అక్కడ ఎఫ్.ఎల్.జె. సాంగ్‌స్టర్, కె. టీర్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1969 జూన్‌లో ఐఈఈఈ సాలిడ్ స్టేట్ సర్క్యూట్స్ జర్నల్‌లో ఒక వ్యాసం అచ్చువేశారు. అందులోని ఉపాయానికి వాళ్లు పెట్టిన పేరు బకెట్ బ్రిగేడ్. మంటలార్పేవాళ్లు వరసగా నిలబడి చేతి నుంచి చేతికి నీళ్ల బకెట్లు అందించుకోవడం దాని వెనకున్న ఊహ. మనం మాత్రం ఇంటి మీద స్లాబ్ పోసే రోజు చూద్దాం.

కింద కాంక్రీటు కలుపుతున్నారు, పైన మేస్త్రీ ఉన్నాడు. మధ్యలో నిచ్చెన పొడవునా కూలీలు. మేస్త్రీ ఈల వేస్తాడు. బేసి స్థానాల్లో ఉన్నవాళ్లు తమ తట్టని సరి స్థానాల్లో ఉన్నవాళ్లకి అందిస్తారు. మళ్లీ ఈల. ఈసారి సరివాళ్లు పైనున్న బేసివాళ్లకి. చేతిలో తట్ట ఉన్నవాడు ఇంకో తట్ట అందుకోలేడు కాబట్టి ఎప్పుడూ ఒకరి చేతులు నిండుగా, పక్కవాడి చేతులు ఖాళీగా ఉండి తీరాలి. ఇప్పుడు ప్రతి తట్టలో కాంక్రీటు ఒక్కోలా పడిందనుకోండి, ఒకదాంట్లో అంచు దాకా, ఒకదాంట్లో సగం, ఒకదాంట్లో అడుగున కాస్త. కింద ఏ వరసలో నింపారో పైన మేస్త్రీ ముందుకి అదే వరసలో వస్తాయి. కాకపోతే కాసేపాగి వస్తాయి.

చిప్‌లో కూలీ స్థానంలో ఒక ట్రాన్సిస్టరు, తట్ట స్థానంలో ఒక కెపాసిటర్. ఈల స్థానంలో క్లాక్ అనే విద్యుత్ స్పందన. ఆ క్షణాన మైకు నుంచి వచ్చిన ఓల్టేజి ఎంతో, మొదటి కెపాసిటర్‌లో నిండేది అంత. దాన్ని అంకెలుగా మార్చడం ఉండదు, ఒకటీ సున్నా లెక్క ఉండదు. ఎంత ఉంటే అంతే. అందుకే ఇది అనలాగ్.

కెపాసిటర్ల వరసతో శబ్దాన్ని ఆలస్యం చేయాలన్న ఆలోచన వాల్వుల కాలంలోనే ఉంది. అయితే ఒక కెపాసిటర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఒక యాంప్లిఫయర్ కావాల్సి వచ్చేది. వందల మెట్లంటే వందల యాంప్లిఫయర్లు. ఫిలిప్స్ వాళ్ల తెలివి అక్కడే ఉంది, ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం కూడా అదే. వాళ్లు నిండుతనాన్ని ముందుకు తోయలేదు. వెలితిని తోశారు. ప్రతి కెపాసిటర్‌నీ ఒక నిర్ణీత మట్టం దాకా నింపి ఉంచుతారు. శబ్దం వచ్చి మొదటిదాంట్లో కొంత వెలితి చేస్తుంది. ఈల పడగానే ఆ వెలితిని పూడ్చడానికి తర్వాతి కెపాసిటర్ నుంచి విద్యుత్తు వెనక్కి పారుతుంది. మట్టం అందగానే మధ్యనున్న ట్రాన్సిస్టరు దానంతటదే మూసుకుంటుంది. ఇటు పూడిన వెలితి ఎంతో, అటు తర్వాతిదాంట్లో ఏర్పడ్డ వెలితి అంత. విద్యుత్తు వెనక్కి నడుస్తుంటే శబ్దం ముందుకు నడుస్తోందన్నమాట. మెట్టుకో యాంప్లిఫయర్ అక్కర్లేదు. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటర్ చాలు. వేల మెట్లని ఒక్క చిప్‌లో పొదగొచ్చు.

అదే ఏడాది అక్టోబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ ఇలాగే విద్యుత్తుని మెట్టు మెట్టుకీ జరిపే సీసీడీని గంటలోపే బోర్డు మీద గీశారు. అది కెమెరాల్లోకి, టెలిస్కోపుల్లోకి పోయి 2009లో వాళ్లిద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ తెచ్చింది. బకెట్ బ్రిగేడ్ గిటారు వాయించేవాళ్ల పాదాల కిందికి పోయింది. నోబెల్ రాలేదు.

ఐండ్‌హోవెన్ నుంచి ఒసాకాకి దారి ఎలా పడింది? నేషనల్ పానసోనిక్ టేప్ రికార్డర్ చూసినవాళ్లకి మత్సుషిత కంపెనీ తెలుసు. ఒసాకా పక్కనే కడోమా దాని ఊరు. 1952లోనే ఆ కంపెనీ ఫిలిప్స్‌తో పొత్తు కలిపి మత్సుషిత ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ పెట్టింది. 1970ల్లో ఎంఎన్3000 వరస బకెట్ బ్రిగేడ్ చిప్‌లు ఆ సంస్థలోనే తయారయ్యాయి. ఫిలిప్స్ సొంతంగా తెచ్చిన టీడీఏ1022లో 512 మెట్లుంటే, ఎంఎన్3005లో 4,096. కకెహాషి కంపెనీ కూడా ఒసాకాదే.

ఇక బేరం మొదలవుతుంది. లెక్క చిన్నదే. మెట్ల సంఖ్యని క్లాక్ వేగానికి రెట్టింపుతో భాగిస్తే ఆలస్యం వస్తుంది. రెట్టింపు ఎందుకంటే, క్లాక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండు ఈలలు పడతాయి, తట్ట రెండు మెట్లెక్కుతుంది. ఎంఎన్3005కి సెకనుకు 10,000 చుట్ల క్లాక్ ఇస్తే 0.2048 సెకన్లు. ఇంకా ఆలస్యం కావాలా? క్లాక్‌ని నెమ్మది చేయాలి. నెమ్మది చేస్తే శబ్దాన్ని సెకనుకు తక్కువసార్లు తట్టలకెత్తుతున్నట్టే. క్లాక్ వేగంలో సగానికి మించిన కంపనాలను ఈ వరస మోయలేదు. మోయించబోతే లేని స్వరాలు పుడతాయి. అందుకని చిప్‌కి ముందొక వడపోత పెట్టి ట్రెబుల్‌ని కత్తిరిస్తారు. వెనకాల ఇంకో వడపోత, క్లాక్ కూత స్పీకర్ దాకా రాకుండా. కాలాన్ని కొనాలంటే శబ్దంలోని మెరుపుతో చెల్లించాలి. ఎంత కొంటే అంత.

పాత అనలాగ్ ఎకో ‘మెత్తగా, వెచ్చగా’ ఉంటుందని సంగీతకారులు మురిసిపోతారు. మురిసిపోవడంలో తప్పేం లేదు. కానీ ఆ మెత్తదనాన్ని ఎవరూ కోరి పెట్టలేదు. గత్యంతరం లేక కోసిన ట్రెబుల్ అది. దానికి తోడు తట్ట వంచినప్పుడు అడుగున కాస్త అంటుకుపోయి వెనక తట్టలో కలిసినట్టు, ప్రతి మెట్టు దగ్గరా పిసరంత విద్యుత్తు మిగిలిపోయి వెనక వచ్చేదాంట్లో కలుస్తుంది. ఒక మెట్టు దగ్గర లెక్కలోకి రాదు. నాలుగు వేల మెట్లెక్కేసరికి శబ్దం అంచులు అరిగి వస్తాయి. అలా వచ్చినదాన్ని ‘రిపీట్’ నాబ్ మళ్లీ మొదటి మెట్టుకి పంపిస్తుంది. రెండో ఎకో మొదటిదానికన్నా మసక, మూడోది ఇంకా మసక. నాబ్ మొత్తం తిప్పేస్తే పోయినదానికన్నా వచ్చేది ఎక్కువై పెట్టె తనంతట తానే ఊళ వేయడం మొదలుపెడుతుంది.

ఈ బేరంలో నష్టం తక్కువగా ఉండే చోటుని రోలాండ్ ముందు పట్టుకుంది. ఆలస్యం కొన్ని మిల్లీసెకన్లే చాలనుకుంటే క్లాక్‌ని వేగంగా కొట్టొచ్చు, మెరుపు మిగులుతుంది. 1,024 మెట్ల చిప్‌ని సెకనుకు లక్ష చుట్లతో నడిపితే ఆలస్యం 5.12 మిల్లీసెకన్లు. అంత చిన్న ఆలస్యాన్ని చెవి ఎకోగా వినదు. కానీ క్లాక్‌ని మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఒక తమాషా జరుగుతుంది. ఒక వేగంలో తట్టలకెక్కిన శబ్దం ఇంకో వేగంలో దిగుతుంది. క్లాక్ నెమ్మదిస్తే అల సాగి స్వరం కాస్త దిగుతుంది, వేగం పెరిగితే కాస్త ఎక్కుతుంది. ఇలా ఊగే స్వరాన్ని అసలు స్వరంతో కలిపితే ఒక్క గిటారు ఇద్దరు ముగ్గురు కలిసి వాయించినట్టుంటుంది. కోరస్ అంటే ఇదే.

1975లో వచ్చిన రోలాండ్ జాజ్ కోరస్ జేసీ-120లో ఈ రెంటినీ కలపడానికి తీగలు వాడలేదు. పెట్టెలో రెండు స్పీకర్లు, రెండు 60 వాట్ల యాంప్లిఫయర్లు. ఒక స్పీకర్ నుంచి అసలు స్వరం, రెండోదాని నుంచి ఊగే స్వరం. కలిసేది గాలిలో, వినేవాడి ముందు. నా లెక్కన ఈ మొత్తం వ్యవహారంలో అందమైన నిర్ణయం ఇదే. మరుసటి ఏడాది ఆ సర్క్యూట్‌ని విడదీసి కాలితో నొక్కే పెట్టెలో పెట్టి, బాస్ అనే పేరుతో సీఈ-1గా అమ్మారు. బ్యాటరీ కాదు, గోడ ప్లగ్గే దిక్కు. బరువూ ఎక్కువే. అయినా ఆ తర్వాత వచ్చిన కోరస్ పెడల్స్ అన్నిటికీ అదే పెద్దన్న.

అటు న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ నడిపిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ కూడా ఇదే చిప్‌ల వెంట పడింది. అక్కడి ఇంజినీరు హోవర్డ్ డేవిస్ డిలక్స్ మెమరీ మ్యాన్‌ని రూపొందించాడు. ఒక 4,096 మెట్ల చిప్ చాలకపోతే రెండోదాన్ని దాని వెనకే తగిలించడం అతని పద్ధతి. మెట్లు రెట్టింపైతే క్లాక్‌ని మరీ చంపకుండానే కాలం దొరుకుతుంది. చిప్ ఖర్చు మాత్రం రెట్టింపు. బేరం తప్పలేదు, చెల్లించే నాణెం మారింది.

బాస్ ఇంకో దారి తొక్కింది. 1981లో డీఎం-2 వచ్చింది, అరచేతిలో పట్టేంత పెట్టె. లోపల ఒకే ఒక్క ఎంఎన్3005. ఇచ్చే ఆలస్యం 300 మిల్లీసెకన్ల దాకా, అంటే ఖిలాషాపురంలో మనం లెక్కేసిన ఆ 51 మీటర్ల గోడంత. కాగితం పెన్నూ తీసుకుని చూడండి. 4,096 మెట్లతో 0.3 సెకన్లు రావాలంటే క్లాక్ సెకనుకు 6,800 చుట్లకి పడిపోవాలి. తయారీదారు ఇచ్చిన కాగితంలో ఈ చిప్‌ని 10,000కి తక్కువగా నడపమని లేదు. తెలిసే నడిపారు. క్లాక్‌లో సగమంటే 3,400, అంతకు పైనున్నదంతా వడపోతలో పోవాల్సిందే. ‘స’, ‘శ’ల్లోని పదును చాలావరకు అక్కడే ఉంటుంది. మసకబారిన శబ్దంలో చిప్ సొంత రొద బయటపడకుండా కంపాండర్ పెట్టారు. లోపలికి పోయే ముందు పెద్ద శబ్దాన్ని కుదించి చిన్నదాన్ని లేపడం, బయటికొచ్చాక యథాస్థితికి తేవడం దాని పని. చిన్న శబ్దాలతో పాటు రొద కూడా అణిగిపోతుంది.

1983లో అదే బాస్ డీడీ-2ని తెచ్చింది. శబ్దాన్ని అంకెలుగా మార్చి మెమరీలో దాచే పెడల్, 800 మిల్లీసెకన్లు, ట్రెబుల్‌ని అంతగా కోయకుండా. బకెట్ బ్రిగేడ్ పని అయిపోయిందనుకున్నారు. కొన్నాళ్లకి డిజిటల్ పెట్టెలు తయారుచేసేవాళ్లే తమ శుభ్రమైన ఎకోని కావాలని మసకబార్చే మీట పెట్టి, దానికి ‘అనలాగ్’ అని పేరు పెట్టడం మొదలైంది. పానసోనిక్ ఈ చిప్‌లు ఆపేశాక పాత ఎంఎన్3005ల కోసం వెతుకులాట పెరిగింది. తర్వాత కూల్‌ఆడియో వంటి సంస్థలు అదే కోవ చిప్‌లకి నకళ్లు చేసి అమ్ముతున్నాయి. 2014లో బాస్ స్వయంగా డీఎం-2ని డబ్ల్యూ అనే అక్షరం తగిలించి మళ్లీ బజారులోకి తెచ్చింది, లోపల బకెట్ బ్రిగేడ్‌తోనే.

కకెహాషికి 2013లో టెక్నికల్ గ్రామీ వచ్చింది. అది ఎకోకి కాదు, కీబోర్డులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతికి, అమెరికా ఇంజినీరు డేవ్ స్మిత్‌తో కలిపి. క్షయ ఆసుపత్రిలో ప్రయోగపు మందుతో బతికిన మనిషి 87 ఏళ్లు జీవించి 2017 ఏప్రిల్ 1న కన్నుమూశాడు.

మన మైకు దుకాణాల సంగతికొస్తే, చవక ఎకో బోర్డుల్లో చాలావాటి మీద కనబడే చిప్ పేరు పీటీ2399. తైవాన్‌కి చెందిన ప్రిన్స్‌టన్ టెక్నాలజీది. ఇది బకెట్ బ్రిగేడ్ కాదు, లోపల 44 కిలోబిట్ల డిజిటల్ మెమరీ ఉంది. కానీ డిజిటల్ అయినంత మాత్రాన బేరం తప్పించుకోలేదు. మెమరీ అంతే ఉంటుంది, ఎక్కువ ఆలస్యం కావాలంటే ఇక్కడా క్లాక్‌ని నెమ్మది చేయాల్సిందే. ఆ క్లాక్ వేగం చిప్ ఆరో కాలికి తగిలించిన రెసిస్టర్ చేతిలో ఉంది. అర కిలో ఓమ్ పెడితే ఆలస్యం 31 మిల్లీసెకన్లు, శబ్దం శుభ్రం. 27.6 కిలో ఓమ్‌లకు 342 మిల్లీసెకన్లు, శబ్దంలో వంకర దాదాపు 1 శాతం. కంపెనీ కాగితం అక్కడితో ఆగుతుంది, మెకానిక్కులు ఆగరు. ఆర్కెస్ట్రావాళ్లు ‘ఇంకా లాగన్నా’ అంటే 50 కిలో ఓమ్‌ల కంట్రోల్ పెట్టి ఇస్తారు. మెకానిక్‌ని తప్పుపట్టలేం, డీఎం-2 చేసినవాళ్లూ కాగితం గీత దాటినవాళ్లే. కాకపోతే వాళ్లు ముందొక వడపోత, వెనకొక వడపోత, మధ్యలో కంపాండర్ పెట్టుకుని దాటారు. మూడు నాలుగు కెపాసిటర్లతో సరిపెట్టిన బోర్డులో ఆ నాబ్‌ని చివరిదాకా తిప్పితే, పాట ఆగాక వచ్చే ఎకోలో ‘స’కారాలు గరగరలాడతాయి. ఒగ్గుకథకి నాబ్ మూడో వంతు దాటకపోతే మాట మాటగా వినబడుతుంది.